గుంపుతో సముద్రంలో కయాకింగ్: వెళ్ళే ముందు ఒకసారి బోల్తా పడి చూడండి

చలికాలం మొదలైందంటే చాలు, కయాకింగ్ గురించి, అంటే సన్నటి చిన్న పడవని తెడ్డుతో నడుపుతూ వెళ్ళడం గురించి, నాకు ఒకటే రకం ప్రశ్నలు. "ఈత రాదండి, పర్లేదా?" "ఫోను ఎక్కడ పెట్టుకోవాలి?" "ఆఫీసు వాళ్ళం పన్నెండు మందిమి వైజాగ్ వస్తున్నాం, ఎవరికీ అలవాటు లేదు, ఋషికొండలో అలలు పెద్దవేనా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి అలిసిపోయి ఇది రాస్తున్నాను. అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు: "నా కయాక్ బోల్తా పడితే ఏం చెయ్యాలి?"

పడుతుంది. మొదటి ట్రిప్పులో కాకపోతే మూడోదాంట్లో, సముద్రం మధ్యలో కాకపోతే ఒడ్డుకి పది అడుగుల దూరంలో. బోల్తా పడటం ప్రమాదం కాదు. పడ్డాక ఏం చెయ్యాలో తెలియకపోవడం, తెలియదని చెప్పడానికి మొహమాటపడటం, ఈ రెండూ కలిసినప్పుడే ప్రమాదం.

ఇక్కడ రాసింది విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న తీరంలో పొద్దున్నే గుంపుగా వెళ్ళే రెండు మూడు గంటల ట్రిప్పుల గురించి. రాత్రి బస వేసే పెద్ద ప్రయాణాలకి ఇది సరిపోదు.

ఏమేం కావాలి

మీరు తెచ్చుకోవాల్సినవి:

- త్వరగా ఆరిపోయే ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, షార్ట్స్ లేదా లెగ్గింగ్స్. జీన్స్ వద్దు, తడిస్తే కాళ్ళకి రాళ్ళు కట్టుకున్నట్టే. చున్నీ అసలు వద్దు, పట్టీల్లో చిక్కుకుంటుంది.
- మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు లేదా పాత కాన్వాస్ బూట్లు. హవాయి చెప్పులు మొదటి కెరటానికే పోతాయి.
- గడ్డం కింద తాడుతో బిగించుకునే టోపీ. కళ్ళజోడు ఉంటే దానికీ ఒక తాడు. మెడికల్ షాపులో దొరికే మాస్క్ తాడైనా చాలు, రెండు కొసలకీ ముడేయండి.
- తలకి ఒక లీటరు నీళ్ళు. సీసా మెడకి తాడు కట్టి కయాక్‌కి ముడెయ్యాలి.
- ఒక ప్లాస్టిక్ విజిల్. పదో ఇరవయ్యో రూపాయలు. లోపల గోలీ లేనిది తీసుకోండి, తడిసినా మోగుతుంది.
- మీరు రోజూ వాడే మందులు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇన్హేలర్‌ని ఒడ్డున బ్యాగులో వదిలెయ్యకుండా తడవని సంచిలో వెంట తీసుకెళ్ళాలి.

నిర్వాహకులు ఇవ్వాల్సినవి: మీ సైజు లైఫ్ జాకెట్, కయాక్, తెడ్డు, గుంపుకి ఒక అదనపు తెడ్డు, లాగడానికి తాడు, ప్రథమ చికిత్స పెట్టె. కొత్తవాళ్ళు ఆరుగురికి ఒక గైడ్ కూడా లేకపోతే నేనైతే వెళ్ళను. ఇద్దరు గైడ్లుంటే ఒకరు ముందు, ఒకరు వెనక. ఒక్కరే ఉంటే వెనక ఎవరుంటారో ముందే తేలాలి.

1. డబ్బులు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి

ఫోటోలు చూసి బుక్ చెయ్యకండి. ఫోన్ చేసి ఇవి అడగండి.

"ఎంతమందికి ఎంతమంది గైడ్లు?" "గాలి ఎక్కువైతే ఏం చేస్తారు, డబ్బులు వెనక్కిస్తారా, ఇంకో రోజుకి మారుస్తారా?" "దిగే ముందు బోల్తా సాధన చేయిస్తారా?" "ఎవరికైనా చేతకాకపోతే మధ్యలో ఎక్కడ ఒడ్డుకి చేరొచ్చు?"

రెండో ప్రశ్నకి వచ్చే జవాబు జాగ్రత్తగా వినండి. "అబ్బే, మా ట్రిప్పు ఎప్పుడూ ఆగదండి" అని గర్వంగా చెబితే అక్కడితో నమస్కారం పెట్టెయ్యండి. ఏడాదిలో ఒక్క రోజు కూడా ట్రిప్పు ఆపలేదంటే వాళ్ళు సముద్రాన్ని చూడట్లేదని అర్థం.

బరువు కూడా అడగండి. ఒక్కో కయాక్‌కి ఇంత బరువు దాకా అని పరిమితి ఉంటుంది. మీరు వంద కిలోలు దాటితే ముందే చెప్పండి, పెద్దది చూస్తారు. సిగ్గుపడి ఎనభై అని చెబితే కయాక్ నీళ్ళలోకి దిగబడి, చిన్న కెరటానికే ఊగుతుంది.

2. మీ గురించి నిజం చెప్పండి

ఈత రాకపోయినా పర్లేదా? గైడ్లు సరిపడా ఉండి, ఒడ్డుకి దగ్గరగా, ప్రశాంతంగా ఉన్న రోజున, లైఫ్ జాకెట్ వేసుకుని అయితే వెళ్ళొచ్చు. ఒక షరతు: లైఫ్ జాకెట్‌తో నీళ్ళలో వెల్లకిలా తేలుతూ, ముఖం మీద నీళ్ళు పడినా కంగారు పడకుండా ఉండగలగాలి. అది చేతకాని మనిషి ఒక్కరున్నా గుంపు మొత్తానికి టెన్షనే. ఇంకో విషయం, ఈత బాగా వచ్చని లైఫ్ జాకెట్ విప్పేసేవాళ్ళతో పోలిస్తే ఈత రాదని ఒప్పుకుని జాకెట్ బిగించుకున్న మనిషితో వెళ్ళడమే నాకు హాయి.

మూర్ఛ, గుండె జబ్బు, భుజం జారిన చరిత్ర, ఈ మధ్యే జరిగిన ఆపరేషన్, గర్భం, వీటిలో ఏదున్నా ముందు డాక్టర్‌ని అడగండి, తర్వాత గైడ్‌కి చెప్పండి. షుగర్ మందులు వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో దిగకూడదు. పడవ ఎక్కితే వాంతులయ్యే మనిషి అయితే అదీ చెప్పండి. ముందెప్పుడూ వేసుకోని వాంతుల మాత్ర ఆ రోజు పొద్దున మొదటిసారి వేసుకోకండి, చాలావాటికి మత్తు వస్తుంది.

3. ట్రిప్పుకి ముందు ఒకసారి బోల్తా పడండి

ఇది దాటెయ్యకండి. ట్రిప్పు ముందు సాయంత్రమో, అదే పొద్దున దిగే ముందో, నడుము లోతు ప్రశాంతమైన నీళ్ళలో, పక్కన ఒకరు నిలబడి ఉండగా చెయ్యాలి. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళు తెడ్డు వెయ్యడం దుర్గం చెరువులో అలవాటు చేసుకోవచ్చు, కానీ బోల్తా సాధనకి ఆ నీళ్ళు వద్దు. తెలిసిన ఈత కొలనులో అనుమతి దొరికితే అంతకన్నా మంచిది లేదు.

మన తీరంలో అద్దెకిచ్చేవి ఎక్కువగా పైన కూర్చునే రకం. దాంట్లో తిరగబడితే మనిషి విడిగా పడతాడు, చిక్కుకోడు. తిరిగి ఎక్కడం ఇలా:

ముందు ఒక చేత్తో కయాక్‌ని, ఇంకో చేత్తో తెడ్డుని పట్టుకోండి. రెండిట్లో ఒకటే పట్టుకోగలిగితే కయాక్‌ని పట్టుకోండి. బోర్లా పడి ఉంటే మధ్యలోకి వచ్చి, అవతలి అంచు అందుకుని మీ వైపు లాగితే తిరుగుతుంది. ఇప్పుడు కూర్చునే చోటికి ఎదురుగా ఉండి, కాళ్ళు వెనక్కి చాపి నీళ్ళమీద గట్టిగా తన్నుతూ, ఒంటిని నీళ్ళపైకి తేల్చి, పొట్టని కయాక్ మీదకి అడ్డంగా తోయండి. నిట్టనిలువుగా వేలాడుతూ చేతుల బలంతో ఎక్కాలని చూస్తే కయాక్ మళ్ళీ మీ మీదే పడుతుంది. పొట్ట ఎక్కాక వెల్లకిలా తిరిగి పిర్రల మీద కూర్చోండి. కాళ్ళు చివర లోపలికి. మా గుంపులో దీన్ని "పొట్ట, పిర్ర, కాళ్ళు" అని కంఠతా పట్టిస్తాం. నవ్వొస్తుంది గానీ నీళ్ళలో గుర్తుండేది అదే.

లోపల కూర్చునే రకం, నడుము చుట్టూ రబ్బరు గుడ్డ బిగించేది ఇస్తే సంగతి వేరు. తిరగబడ్డాక మీరు తలకిందులుగా ఉంటారు. ముందుకి వంగి, గుడ్డ ముందున్న ఉచ్చుని ముందుకీ పైకీ లాగి, రెండు అంచుల్నీ చేతులతో నెట్టి కాళ్ళు బయటికి తీసుకోవాలి. దీన్ని గైడ్ పక్కన ఉండగా మూడుసార్లు చెయ్యకుండా ఆ గుడ్డ బిగించుకుని సముద్రంలోకి వెళ్ళకండి. బిగించేటప్పుడు ఉచ్చు లోపల మడతపడకుండా బయటికే ఉందా అని ప్రతిసారీ చేత్తో తడిమి చూడాలి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? వరసగా మూడుసార్లు, ఎవరూ తొయ్యకుండా, ఒక్కోసారి రెండు నిమిషాల్లోపు ఎక్కగలిగితే మీరు సిద్ధం. ఒక్కసారే ఎక్కగలిగారా? అలసటలో అది కూడా రాదు. అప్పుడు మీకు ఇద్దరు కూర్చునే కయాక్ ఇమ్మని, అనుభవం ఉన్న మనిషిని జత చెయ్యమని అడగండి.

4. సముద్రాన్ని మీరూ చూడండి, గైడ్‌కే వదిలెయ్యకండి

సిద్ధాంతం కొంచెమే చెబుతాను.

కాలం: డిసెంబరు సగం నుంచి మార్చి దాకా పొద్దుటి పూట మన తీరం కొత్తవాళ్ళకి అనువుగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి త్వరగా లేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రుతుపవనం, వద్దు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను గురించి వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. డిసెంబరు మొదట్లో కూడా అల్పపీడనం వార్త వచ్చిందంటే, మీ ట్రిప్పు రోజు ఎండ కాస్తున్నా ఆపండి. ఎక్కడో దూరంగా ఉన్న తుపాను కెరటాలు ముందే వచ్చేస్తాయి.

గాలి: గంటకి 10 కిలోమీటర్ల లోపు హాయి. 15 దగ్గర నీళ్ళమీద అక్కడక్కడా తెల్లటి నురగ తలలు కనిపిస్తాయి. 20 దాటితే కొత్తవాళ్ళ గుంపు ఒడ్డునే ఉండాలి. వాతావరణ యాప్‌లో సగటు గాలితో పాటు విసురు గాలి ఎంతో చూడండి, మిమ్మల్ని పడేసేది అదే. ఇంకో మోసం ఉంది. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు వీచే గాలిలో ఒడ్డు దగ్గర నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి. ఆ అద్దం మీద హాయిగా లోపలికి జారిపోతారు, వెనక్కి తిరిగితే గాలి ముఖానికి కొడుతుంది. కాబట్టి దిగగానే ఐదు నిమిషాలు గాలికి ఎదురుగా తెడ్డేసి చూడండి. కష్టంగా ఉంటే ఆ రోజు దూరం సగానికి తగ్గించండి.

కెరటాలు: హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అని ఒక సంస్థ ఉంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని దేశం మొత్తానికి సముద్రం ఎలా ఉండబోతోందో చెప్పేది వాళ్ళే. వాళ్ళ వెబ్‌సైట్‌లో కెరటాల ఎత్తు, ఎత్తైన అలల హెచ్చరికలు ఉంటాయి. అందులో ఇచ్చే ఎత్తు, వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతుకి సగటు. అంటే ఒక మీటరు అని ఉంటే అడపాదడపా దానికి దాదాపు రెట్టింపుది కూడా రావచ్చు. ఎత్తుతో పాటు ఎన్ని సెకన్లకో కెరటం అన్నదీ చూడండి. ఒకే మీటరు ఎత్తున్నా, 6 సెకన్లకోటి వచ్చేది లోపల ఊపుతుంది, 14 సెకన్లకోటి వచ్చేది ఒడ్డుకి రాగానే లేచి బలంగా విరుగుతుంది.

పోటు, ఆటు: రోజుకి రెండేసి సార్లు, రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తేడా మీటరున్నర దాకా ఉంటుంది. ఇది ఎక్కువగా పట్టించుకోవాల్సింది భీమిలిలో, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట. ఆటు సమయంలో నది నీళ్ళు బయటికి పరిగెడతాయి, ఎదురుగా కెరటం లోపలికి వస్తుంది, రెండూ ఢీకొన్న చోట కొత్తవాళ్ళకి పని లేదు.

ఇవన్నీ చూశాక కూడా, దిగే చోట వల బాగు చేసుకుంటున్న మత్స్యకారుల్ని ఒక్క మాట అడగండి. ఒకసారి మాకు యాప్‌లో అంతా పచ్చగా ఉంది. "ఇయ్యాల నీరు బాగోలేదు బాబూ, తిన్నగా నిలబడనివ్వట్లేదు" అన్నాడు అప్పుడే తెప్ప లాక్కొచ్చిన పెద్దాయన. మేం ఆగిపోయాం. గంట తర్వాత నిజంగానే ఏదైనా జరిగిందా అంటే, ఏమో, చూడ్డానికి మేం లేం, టిఫిన్‌కి వెళ్ళిపోయాం. అలా ఆగినందుకు ఎప్పుడూ బాధ పడలేదు.

5. ముందు రోజు రాత్రి

నిద్రపోండి. రాత్రంతా బస్సులోనో రైల్లోనో వచ్చి నేరుగా నీళ్ళలోకి దిగే గుంపుల్ని చూస్తూనే ఉంటాను, రెండో కిలోమీటరుకే భుజాలు పడిపోతాయి. రాత్రి మందు తాగినవాళ్ళు పొద్దున దిగకండి. దిగడానికి గంట ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో తినండి. పూరీ కూర తిని ఊగే నీళ్ళమీద కూర్చుంటే ఏమవుతుందో మీకే తెలుస్తుంది.

ఫోను పౌచ్‌ని నమ్మే ముందు పరీక్షించండి. లోపల టిష్యూ కాగితం పెట్టి మూసి, బకెట్ నీళ్ళలో మీద బరువు పెట్టి అరగంట ముంచండి. కాగితం ఒక్క మూల చెమ్మగిల్లినా ఆ పౌచ్ పనికిరాదు. మంచి పౌచ్‌లో కూడా తడి వేళ్ళకి స్క్రీన్ పలకదు, కాబట్టి అత్యవసర నంబర్లు ఫోన్లో ఉన్నాయని ధీమా పడకండి. తీర రక్షక దళం 1554, సముద్ర తీర పోలీసు 1093, మామూలు అత్యవసరానికి 112, ఈ మూడూ ఒడ్డున ఉండే మనిషికి కూడా ఇవ్వండి. ఎంతమంది వెళ్తున్నారు, కయాక్‌ల రంగులేంటి, ఎక్కడ దిగుతున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఎన్నింటిదాకా రాకపోతే ఫోన్ చెయ్యాలి, ఇవన్నీ ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి.

6. ఒడ్డున, దిగే ముందు

లైఫ్ జాకెట్ పరీక్ష: జిప్పు వేసి, పట్టీలు కింది నుంచి పైకి బిగించండి. ఇప్పుడు స్నేహితుణ్ణి మీ వెనక నిలబడి రెండు భుజాల పట్టీలూ పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ మీ చెవుల దాకా లేచిందా, వదులు. మళ్ళీ బిగించండి. అయినా లేస్తే సైజు మార్చమనండి. నురగ పలక చిట్లినా, పట్టీ బకిల్ విరిగి ముడేసి ఉన్నా "ఏదో ఒకటిలే" అనుకోకండి. పెద్దవాళ్ళ జాకెట్‌ని పిల్లలకి తాడుతో కట్టి సరిపెట్టడం నేను కళ్ళారా చూశాను. అలాంటి చోట పిల్లల్ని దింపకండి.

కయాక్ పరీక్ష: అడుగున పగుళ్ళు ఉన్నాయా, వెనక నీళ్ళు వదిలే బిరడా బిగించి ఉందా? ఎత్తి ఊపితే లోపల నీళ్ళు గలగలమంటున్నాయా? బిరడా మర్చిపోవడం చాలా మామూలు తప్పు. అరగంట తర్వాత "నాది ఎందుకో బరువెక్కింది" అనే మనిషి కయాక్‌లో జరిగేది అదే.

తెడ్డు పట్టుకోవడం: తల మీద పెట్టుకుంటే మోచేతులు లంబకోణంలో ఉండాలి, చేతుల మధ్య దూరం అంతే. తెడ్డు రెక్కకి లోపలికి వంగిన ముఖం ఉంటుంది, అది మీ వైపు ఉండాలి.

సైగలు: గుంపుని బట్టి మారతాయి కాబట్టి గైడ్ చెప్పకపోయినా అడిగి చెప్పించుకోండి. ఎక్కువగా వాడేవి ఇవి. తెడ్డు నిలువుగా ఎత్తితే "నా దగ్గరికి రండి" లేదా "దారి బాగుంది". అడ్డంగా ఎత్తితే "ఆగండి". ఎత్తిన తెడ్డుని పక్కలకి ఊపితే "సాయం కావాలి". అరచేత్తో నెత్తిమీద తట్టుకుంటే "నేను బాగానే ఉన్నా". విజిల్ ఒకసారి "ఇటు చూడండి", మూడుసార్లు ఆపద.

ఆఖరుగా, గుంపులో ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టి ఆ అంకె గుర్తుంచుకోండి. గైడ్ పని కదా అనుకోవద్దు. నేను మొదట్లో వెళ్ళిన ఒక ట్రిప్పులో పదకొండు మంది దిగాం, పది మంది చేరేదాకా ఆగి, అంతా వచ్చేశారనుకుని వెనక్కి తిరిగాం. పదకొండోవాడు సగం దూరంలో వలల దగ్గర చిక్కుకుని విజిల్ లేక అరుస్తూ కూర్చున్నాడు. గొంతు అలల చప్పుడులో ఎంత దూరం పోతుంది? ఇరవై నిమిషాల తర్వాత వాడి పక్కన ఉండాల్సిన స్నేహితుడికే గుర్తొచ్చింది.

7. కెరటాల్లోంచి బయటికి

ఐదు నిమిషాలు నిలబడి చూడండి. పెద్ద కెరటాలు కొన్ని వరసగా వచ్చాక కాస్త విరామం దొరుకుతుంది. విరిగే కెరటం మీ నడుము దాటితే కొత్తవాళ్ళు దిగకూడదు. నీళ్ళు నురగ లేకుండా నల్లగా, నిశ్శబ్దంగా లోపలికి పోతున్న దారి కనిపిస్తే "ఇక్కడ అలలు లేవు" అని సంబరపడకండి, అది లోపలికి లాగే రిప్ కరెంట్ కావచ్చు. తెలిసిన గైడ్లు దాన్నే దారిగా వాడుకుంటారు, మీరు కాదు.

కయాక్ ముక్కు కెరటానికి ఎదురుగా ఉండాలి. ఒకరి తర్వాత ఒకరు. ముందువాళ్ళు అవతలికి దాటాకే తర్వాతవాళ్ళు. కెరటం మీదకి వచ్చినప్పుడు భయంతో తెడ్డు ఎత్తి ఆగిపోతారు అందరూ. ఆగితే అడ్డం తిరుగుతారు, అడ్డం తిరిగితే పడతారు. కాస్త ముందుకి వంగి, తెడ్డు వేస్తూనే ఉండండి.

8. నీళ్ళమీద

గుంపు వేగం అంటే వెనకున్న మనిషి వేగం. కొత్తవాళ్ళ గుంపు గంటకి మూడు నాలుగు కిలోమీటర్లు పోతుంది, ఎదురుగాలిలో అదీ సగమే. కాబట్టి పోను రాను ఆరు కిలోమీటర్లంటే ఫోటోలతో కలిపి రెండున్నర గంటలు వేసుకోండి. పది, పదకొండు మధ్య సముద్రపు గాలి లేచే లోపు ఒడ్డున ఉండాలి.

పక్కవాళ్ళతో మామూలు గొంతుతో మాట్లాడగలిగేంత దగ్గరలో ఉండండి, తెడ్లు తగిలేంత దగ్గర వద్దు. ముందున్న గైడ్‌ని దాటకండి, వెనకున్న గైడ్ కంటే వెనకబడకండి. చేతులతోనే లాగితే అరగంటలో మోచేతులు పట్టేస్తాయి. పాదాలు గట్టిగా ఆనించి నడుము తిప్పుతూ లాగండి. దాహం వెయ్యకపోయినా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగండి. మన దగ్గర చలికాలంలో కూడా నీళ్ళు 25 డిగ్రీల దగ్గరే, చలి కంటే ఎండదెబ్బే పెద్ద శత్రువు. పక్కవాడు ఉన్నట్టుండి మాట్లాడటం మానేశాడంటే గైడ్‌కి చెప్పండి.

నీళ్ళమీద వరసగా థర్మోకోల్ ముక్కలో, ప్లాస్టిక్ డబ్బాలో తేలుతుంటే అది వల. చివరిదాకా వెళ్ళి చుట్టి రండి, మీద నుంచి పోకండి. అది ఒకరి రోజు కూలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకి వేట నిషేధం ఉన్నా, చిన్న తెప్పల వలలు అప్పుడూ ఉంటాయి. దక్షిణం వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, ఓడరేవు ముఖద్వారం, నౌకాదళం ప్రాంతం వైపు సరదాకి కూడా పోవద్దు. ఓడ మీ కోసం ఆగలేదు, నౌకాదళం వాళ్ళు మీతో నవ్వుతూ మాట్లాడరు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి, తల కనిపిస్తే తెడ్డు ఆపి పోనివ్వండి.

అలిసిపోతే, కడుపులో తిప్పితే, భయమేస్తే, ఆ క్షణమే చెప్పండి. మనవాళ్ళు "నా వల్ల అందరి ట్రిప్పూ పాడవుతుంది" అని నోరు మూసుకుని, చేతులు పూర్తిగా చచ్చుబడ్డాక చెబుతారు. ఒడ్డుకి అర కిలోమీటరులో చెబితే తాడు కట్టి పది నిమిషాల్లో లాగేస్తారు. రెండు కిలోమీటర్లలో చెబితే అది అందరికీ ఒక పూట పని.

9. పడిపోతే

కయాక్ వదలకండి. విజిల్ ఊదండి. నెత్తి తట్టుకుని బాగున్నానని చూపించండి. సాధన చేసినట్టే ఎక్కే ప్రయత్నం రెండుసార్లు చెయ్యండి. మూడోసారికి బలం మిగలదు, పక్క కయాక్ కోసం ఆగండి. సాయానికి వచ్చినవాళ్ళు తమ కయాక్‌ని మీదానికి ఆనించి గట్టిగా పట్టుకుంటారు, అప్పుడు ఎక్కడం చాలా తేలిక. మీరు సాయం చేసే వైపున్నా ఇదే: నీళ్ళలోకి దూకకండి, దూకితే రక్షించాల్సినవాళ్ళు ఇద్దరవుతారు.

కయాక్ చేజారి మీరొక్కరే రిప్ కరెంట్‌లో ఉంటే ఎదురీదకండి. జాకెట్ తేలుస్తుంది. చెయ్యెత్తి చూపిస్తూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరుగుతూ పోండి. లాగడం తగ్గాక ఒడ్డు వైపు.

10. తిరిగి ఒడ్డుకి

ఎక్కువమంది పడేది ఇక్కడే. "హమ్మయ్య, వచ్చేశాం" అనుకున్నాక. కెరటాలు విరిగే చోటికి ముందే ఆగి, గైడ్ సైగ కోసం చూడండి. పెద్దవి పోయాక, ఒక చిన్న కెరటం వెనకాలే గబగబా తెడ్డేస్తూ వచ్చెయ్యాలి. అది మిమ్మల్ని దాటిపోయాక దాని వీపు మీద రావడం, దాని ముందు కాదు.

నేల తగలగానే సముద్రం వైపు కాకుండా ఒడ్డు వైపు దిగిపోతారు చాలామంది. నేనూ అదే చేశాను. వెనక నుంచి వచ్చిన కెరటం కయాక్‌ని అడ్డంగా తోసి నా రెండు మోకాళ్ళ కింద కొట్టింది. ఎముక విరగలేదు గానీ నెల రోజులు కుంటుకుంటూ నడిచాను, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నీళ్ళు నిండిన కయాక్‌లో 200 లీటర్లున్నాయనుకోండి, అంటే 200 కిలోల దుంగ మీ కాళ్ళమీదకి వస్తున్నట్టు. కయాక్‌కీ ఒడ్డుకీ మధ్య ఎప్పుడూ నిలబడకండి. దిగాక ముక్కు పట్టీ పట్టుకుని పక్కగా ఉండి లాగండి.

తరచూ చేసే తప్పులు, ఇంకొన్ని

తెడ్డుని మణికట్టుకి గట్టిగా కట్టుకోవడం. పడ్డప్పుడు అదే చెయ్యి విరుస్తుంది. తాడు కావాలంటే కయాక్‌కి కట్టండి, అదీ కెరటాల్లో విప్పెయ్యాలి.

సెల్ఫీ కోసం ఇద్దరు కయాక్‌లు కలిపి లేచి నిలబడటం. చెప్పక్కర్లేదు.

మొగుడూ పెళ్ళాం ఒకే డబుల్ కయాక్ ఎక్కి, ఎటు తిప్పాలో కొట్టుకోవడం. వెనకున్నవాళ్ళు తిప్పుతారు, ముందున్నవాళ్ళు వేగం పెడతారు, ఇంతే. బరువైన మనిషి వెనక కూర్చోవాలి. అయినా గొడవైతే చెరోటి తీసుకోండి.

బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకి

సియాటెల్, శాన్ ఫ్రాన్సిస్కో వైపు ఉండే మనవాళ్ళు వైజాగ్ అలవాటుతో టీషర్టు మీద దిగకండి. ఎండాకాలంలో కూడా సియాటెల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో నీళ్ళు 12, 13 డిగ్రీలు దాటని చోట్లే ఎక్కువ. అంత చల్లటి నీళ్ళలో పడగానే మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, పది నిమిషాల్లో వేళ్ళు మాట వినవు. బట్టలు గాలి వేడిని బట్టి కాదు, నీటి చలిని బట్టి వేసుకోవాలి: ఒంటికి అతుక్కుని వేడి నిలిపే వెట్ సూట్ లేదా నీళ్ళు లోపలికి రానివ్వని డ్రై సూట్. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం సముద్రంలో కలిసే గోల్డెన్ గేట్ దగ్గర పోటు ఆటుల ప్రవాహం మీ తెడ్డు వేగాన్ని మించిపోతుంది, అక్కడ పోటు పట్టిక చూడకుండా ఎవరూ దిగరు.

అయిపోయాక

మళ్ళీ తలలు లెక్కపెట్టండి. జాకెట్, తెడ్డు మంచినీళ్ళతో కడిగి ఇచ్చెయ్యండి. ఏదైనా విరిగినా, చిల్లు కనిపించినా మూసిపెట్టకుండా చెప్పండి, రేపు ఇంకొకరు దాంట్లోనే కూర్చుంటారు. తర్వాత, బజ్జీల బండి వైపు పరిగెత్తే ముందు, మీరు మెసేజ్ పెట్టిన మనిషికి "ఒడ్డుకి వచ్చేశాం" అని ఫోన్ చెయ్యండి. లేకపోతే వాళ్ళు మీరు చెప్పిన టైముకి 1554కి ఫోన్ చేస్తారు. చెయ్యాలి కూడా.